చిన్న గదే కదా, పర్మిషన్ ఎందుకండీ?

పొలంలో ఒక గది వేసుకుని శని, ఆదివారాలు అక్కడ గడపాలన్న కోరిక ఈ మధ్య చాలామందికి పుట్టినట్టుంది. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు దాని చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఆపి ఇవే తీసుకుంటున్నాం. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ తీసేశాం.

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో మా నాన్నగారి పేరు మీద 2 ఎకరాల 10 గుంటల చెలక ఉంది. అక్కడ 20 అడుగుల కంటైనర్ క్యాబిన్ పెట్టుకుందామనుకుంటున్నాను. పునాది తవ్వేది లేదు, ఇటుక పేర్చేది లేదు, క్రేన్‌తో తెచ్చి నాలుగు సిమెంటు దిమ్మెల మీద దించేస్తారు కాబట్టి ఏ పర్మిషనూ అక్కర్లేదని అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమేనా? (మియాపూర్ నుంచి)

జవాబు: కాదండి. ఆ మాటే బిల్లు వెనకాల రాసి సంతకం పెట్టమని అడిగి చూడండి, పెట్టరు.

భవనం అంటే ఏమిటో పంచాయతీరాజ్ చట్టమే చెప్తుంది. 1994 చట్టంలో చూస్తే ఇల్లు, దుకాణం, మరుగుదొడ్డి, షెడ్డు, గుడిసె, చివరికి గోడ కూడా భవనం కిందికే వస్తాయి. రాయి, ఇటుక, కర్ర, మట్టి, లోహం, దేనితో కట్టినా తేడా లేదు. కంటైనర్ అంటే లోహమే కదా. మినహాయింపు దొరికింది ఒక్క పశువుల కొట్టానికి, అదీ వ్యవసాయ భూమిలో ఉంటేనే. అంటే మీ ఎద్దులకున్న వెసులుబాటు మీకు లేదు.

అసలు క్యాబిన్ సంగతి తర్వాత, ముందు భూమి సంగతి చూడాలి. 2006లో వచ్చిన నాలా చట్టం ప్రకారం సాగు భూమిని ఇంకో పనికి వాడుకోవాలంటే ముందుగా మార్పిడి చేయించుకుని రుసుము కట్టాలి. కట్టకుండా గది వేసేస్తే భూమి మార్చేసినట్టే లెక్కగట్టి అసలు రుసుముకు తోడు అందులో 50 శాతం జరిమానా వేస్తారు. ఈ మాట వినగానే భయపడిపోయి ఉన్న భూమంతా మార్పించేసుకునేవాళ్లను చూస్తుంటాం. ఆ పని మాత్రం చేయకండి. గదికి, చుట్టూ కాస్త వాకిలికి ఎంత కావాలో అంతే మార్పించుకోవచ్చు, మిగతాది పాస్‌బుక్‌లో సాగు భూమిగానే ఉంటుంది, దాని మీద పంట రుణం, రైతు భరోసా ఎప్పటిలాగే నడుస్తాయి. మార్చిన ముక్కకు మాత్రం రైతు భరోసా రాదు.

ఎంత మార్చాలి అంటే, నన్నడిగితే రెండున్నర గుంటలు. ఎందుకో చెప్తాను. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి పంచాయతీ స్థాయిలోనే అనుమతి వస్తుంది, అది దాటితే టౌన్ ప్లానింగ్ వాళ్ల సాంకేతిక ఆమోదం కావాలి. గుంటకు 121 గజాలు, అంటే 101 చదరపు మీటర్ల పైచిలుకు. మూడు గుంటలు తీసుకున్నారంటే 303 చదరపు మీటర్లు దాటిపోతుంది, ఆ మూడు మీటర్ల కోసం ఫైలు జిల్లా ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. రెండున్నర గుంటలైతే దాదాపు 253, మీ క్యాబిన్‌కూ, ఒక వరండాకూ, కారుకూ ధారాళంగా సరిపోతుంది. రుసుము కూడా ఎకరానికి కట్టే దాంట్లో పదహారో వంతే.

ఆ రెండున్నర గుంటలు పొలంలో ఏ మూల తీసుకుంటారన్నది ఇంకా ముఖ్యం. అందరూ బోరు పక్కన, మామిడి చెట్టు కింద, అంటే పొలం నడిబొడ్డున పెడదామంటారు. దారి చూపించమన్నప్పుడు ఇబ్బంది అక్కడే వస్తుంది. పక్కాయన గట్టు మీదుగా నడిచేది దారి కాదు, ఆయన మంచివాడైనా సరే, రేపు ఆయన కొడుకు కంచె వేస్తే మీరు చేసేదేమీ లేదు. రోడ్డుకు ఆనుకున్న మూల తీసుకోండి. సర్వేయర్‌తో కొలిపించి ఆ ముక్కకు స్కెచ్ గీయించండి, కొలిచే రోజున పక్క రైతులను కూడా పిలవండి, హద్దురాళ్లు వాళ్ల ఎదుటే పాతించండి. సర్వేయర్ వెళ్లిపోయాక రాయి రెండడుగులు జరగడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు.

ఇంకో మాట, పాస్‌బుక్ నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి అర్జీ పెట్టాల్సింది ఆయన, ప్లాను కూడా ఆయన పేరు మీదే. ఇదివరకు ధరణి పోర్టల్‌లో పెట్టేవాళ్లం, 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది.

వీటన్నిటికంటే ముందు ఒకసారి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్లి మన ఊరు ఇప్పుడు ఎవరి పరిధిలో ఉందని అడగండి. నవ్వకండి, 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపేశారు, 2025లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. నిన్నటిదాకా పంచాయతీ సంతకంతో అయిపోయే పని ఇవాళ అక్కడ కాకపోవచ్చు. హెచ్‌ఎండీఏ పాత పరిధిలోనే ఉంటే 2013లో వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో సర్టిఫికెట్ తీసుకోండి. కన్జర్వేషన్ జోన్ అని వస్తే నివాస జోన్‌లో దొరికే వెసులుబాట్లు అక్కడ దొరకవు, కంటైనర్‌కు అడ్వాన్స్ ఇచ్చేది అది చూసుకున్నాకే.

ప్రశ్న: బోరు మోటారు స్టార్టర్ డబ్బా నుంచి ఒక వైరు లాక్కుని గదిలో రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక చిన్న ఏసీ పెట్టుకోవచ్చా? (నల్లగొండ నుంచి)

జవాబు: రెండు లైట్లతో మొదలుపెట్టి ఏసీ దాకా తెచ్చారు! కుదరదండి. సాగు కోసం ఇచ్చిన కనెక్షన్‌ను ఇంటికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది. ఇంటికి పడాల్సిన రేటుకు రెట్టింపు లెక్క వేస్తారు, ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీ చేసిన రోజు నుంచి వెనక్కి 12 నెలలకు వేస్తారు. గృహ కేటగిరీలో వేరే మీటరు తీసుకోండి. స్తంభం దూరంగా ఉంటే ఎస్టిమేట్ భారీగానే వస్తుంది, అలాంటప్పుడు లైట్లకు, ఫ్యానుకు ఒక సోలార్ ప్యానెల్, బ్యాటరీ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. ఏసీ ఆశ మాత్రం వదులుకోవాలి, పొలంలో రాత్రిపూట దాని అవసరమూ అంతగా ఉండదు.

ప్రశ్న: కుంట పక్కనే 20 గుంటలు కొన్నాం, పక్కా పట్టా. నీళ్లకు ఎదురుగా చెక్కతో చిన్న కాటేజీ కట్టుకోవాలని మా ఆవిడ కోరిక. నీటి అంచు మా హద్దుకు చాలా దూరంలోనే ఉంది. ఎంత వదిలి కట్టాలి? (వరంగల్ నుంచి)

జవాబు: కొన్నది ఎండాకాలంలో అయి ఉంటుంది, అవునా?

ఇవాళ నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. కుంట పూర్తిగా నిండి అలుగు పారేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్, కొలత అక్కడి నుంచి మొదలవుతుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే పాతికెకరాలకు కాస్త తక్కువ, ఆ పైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్న కుంటలకు, శిఖం భూములకు (చెరువు అడుగు నేలలకు) 9 మీటర్లు. కుంటలోకి వచ్చే వాగునూ, కుంట నుంచి పోయే కాలువనూ మర్చిపోతారు చాలామంది. అది 10 మీటర్ల కంటే వెడల్పుంటే దానికీ 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి. నది పక్కన కొన్నవాళ్లూ వింటున్నట్టయితే, మున్సిపాలిటీ హద్దుల బయట నది అంచు నుంచి 100 మీటర్లు, లోపల 50.

పట్టా ఉంది కదా అంటారు. ఎఫ్‌టీఎల్ లోపల కూడా పట్టాలుంటాయండి, నీళ్లు వెనక్కి తగ్గాక ఆ నేలలో పంట వేసుకునే హక్కు అది. కట్టుకునే హక్కు దాంట్లో రాదు, మీరు ఎన్ని రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించినా. నీటిపారుదల శాఖ నుంచి ఎన్‌ఓసీకి, అంటే అభ్యంతరం లేదన్న పత్రానికి, అర్జీ పెట్టండి, వాళ్లొచ్చి ఎఫ్‌టీఎల్ గుర్తు చూపించాకే మీ హద్దులో ఎంత మిగిలిందో తెలుస్తుంది. అప్పటిదాకా ఆవిడకు కాటేజీ బొమ్మలు చూపించకపోవడం మేలు. హైదరాబాద్ ఔటర్ లోపల 2024 జులై నుంచి చెరువుల ఆక్రమణల మీద హైడ్రా సంస్థ ఏం చేస్తోందో టీవీల్లో చూస్తూనే ఉన్నారు. వరంగల్‌లో హైడ్రా లేకపోవచ్చు, జీవో 168 మాత్రం మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: షాద్‌నగర్ దాటాక ఒక వెంచర్‌లో 5 గుంటల ఫామ్ ప్లాట్, దాంట్లో ఒక చెక్క క్యాబిన్, చుట్టూ మామిడి మొక్కలు, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అంటున్నారు. వ్యవసాయ భూమిగానే రిజిస్టర్ చేస్తారట, లేఅవుట్ పర్మిషన్ అవసరం లేదట. ఈఎంఐ కూడా ఉంది. తీసుకోమంటారా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: తీసుకోవద్దు.

5 గుంటలంటే 605 గజాలు. ఎకరాలకెకరాలు కొని, మధ్యలో మట్టి రోడ్లు వేసి, ముక్కలు కోసి అమ్ముతున్నారంటే దాన్ని ఫామ్ ల్యాండ్ అన్నా, ఇంకేమన్నా అది లేఅవుటే. 20 గుంటలకు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లకు తక్కువైన ఫామ్ ప్లాట్లు చెల్లవని టౌన్ ప్లానింగ్ శాఖ చెప్తూనే ఉంది. దాంట్లో ఉన్న క్యాబిన్‌కు పర్మిషన్ ఎవరిస్తారు? నాలా అయిందా అని అడగండి. ‘వ్యవసాయ భూమిగానే రిజిస్ట్రేషన్’ అని గొప్పగా చెప్తున్నారంటే కాలేదనే అర్థం. మరి సాగు భూమి మీద నివాసానికి గది ఎలా పెట్టారు? ఈ రెండు ముక్కలూ ఒకే బ్రోచర్‌లో ఒకే పేజీలో ఉంటాయి, అయినా ఎవరూ అడగరు, అదే నాకు ఆశ్చర్యం.

తర్వాత ఎల్‌ఆర్‌ఎస్‌లో, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో, క్రమబద్ధం చేయించుకోవచ్చని కూడా చెప్పి ఉంటారు. 2020 ఎల్‌ఆర్‌ఎస్ ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్ల కోసం పెట్టింది, ఇవాళ కొనే మీకు అది పనికిరాదు. ఇంకొన్ని చోట్ల ప్లాటు కాకుండా మొత్తం భూమిలో అవిభాజ్య వాటా రాసిస్తున్నారు. అప్పుడు మీ క్యాబిన్ ఏ మూల ఉన్నా కాగితం మీద ఆ నేల మీదొక్కరిదే కాదు, నలభై మందితో ఉమ్మడి. వాళ్లలో ఒకరికి డబ్బు అవసరపడి కోర్టుకెక్కితే మీ మామిడి మొక్కలు కూడా దావాలోకి వస్తాయి. ఆ ఈఎంఐ డబ్బులతో లోపలికి ఇంకో 40 కిలోమీటర్లు వెళ్లి, ఇద్దరన్నదమ్ములు కలిసైనా సరే, 20 గుంటలకు తగ్గకుండా సొంత పాస్‌బుక్‌తో భూమి కొనుక్కోండి.

ప్రశ్న: అరకు లోయలో ఒక గిరిజన కుటుంబం 10 సెంట్లు 30 ఏళ్లకు లీజుకిస్తామంటోంది. మేం గిరిజనులం కాదు. కొనడం కుదరదని తెలుసు, లీజు తీసుకుని చిన్న చెక్క ఇల్లు వేసుకోవచ్చు కదా? వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఊరి పెద్దలు సాక్షి సంతకాలు పెడతామన్నారు. (విశాఖపట్నం నుంచి)

జవాబు: లీజు కూడా కుదరదండి. షెడ్యూల్డ్ ఏరియాలో భూ బదలాయింపు మీద 1959లో వచ్చిన రెగ్యులేషన్‌ను 1970లో 1/70 అనే సవరణతో గట్టిగా బిగించారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు, తనఖా, లీజు, గిఫ్టు, మార్పిడి అన్నీ బదలాయింపులోకే వస్తాయి. గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గిరిజనుడి పేరు పెట్టి వెనక మీరు డబ్బు పెట్టినా అంతే. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం సైతం అక్కడి భూమిని ప్రైవేటు గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వకూడదన్నది. ప్రభుత్వానికే లేని వీలు వంద రూపాయల స్టాంపు కాగితంతో మీకెలా వస్తుంది?

మీ సంగతి అటుంచితే, ఆ కుటుంబం సంగతి కూడా ఆలోచించండి. రేపు అధికారులు వచ్చి ఖాళీ చేయించినప్పుడు మీరు పోగొట్టుకునేది డబ్బు, వాళ్లు తిరగాల్సింది విచారణల చుట్టూ. మారేడుమిల్లి వైపు అడిగిన ఇంకో పాఠకుడికీ ఇదే జవాబు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లి ఉండాలనుకుంటే వాళ్లింట్లోనే అతిథిగా ఉండి అద్దె ఇచ్చి రండి. ఇద్దరికీ లాభమే, బొంగు చికెన్ కూడా వాళ్ల చేతిది తింటారు.

ప్రశ్న: ఆంధ్రాలో నాలా చట్టం తీసేశారు కదా, ఇక పొలంలో గదికి ఎవర్నీ అడగక్కర్లేదని మా బావమరిది వాదిస్తున్నాడు. పందెం కూడా కాశాను. (అనంతపురం నుంచి)

జవాబు: పందెం డబ్బులు వసూలు చేసుకోండి. 2025లో రద్దయింది భూమి మార్పిడి చట్టం మాత్రమే, కట్టడానికి అనుమతి తీసుకోవాలన్న నిబంధన అలాగే ఉంది. ఇదివరకు ముందు రెవెన్యూ వాళ్ల దగ్గర మార్పిడి రుసుము కట్టి, ఆ కాగితం పట్టుకుని ప్లాను కోసం ఇంకో ఆఫీసుకు వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ మొదటి మెట్టు పోయి, ప్లాను అనుమతి సమయంలోనే అభివృద్ధి రుసుము వసూలు చేస్తారు. ఒక ఆఫీసు తగ్గింది, అది మంచిదే. మీ ఊరు ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందేమో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: మా అత్తగారి పొలంలో 2016లో ఒక గది, వరండా వేశాం. పంచాయతీ ఇంటి నంబరిచ్చింది, ఏటా పన్ను కడుతున్నాం, రసీదులన్నీ దాచాను. ఇప్పుడు పైన ఇంకో గది వేద్దామంటే కార్యదర్శి పాత పర్మిషన్ చూపించమంటున్నారు. పన్ను తీసుకున్నాక మళ్లీ పర్మిషన్ అడగడం న్యాయమేనా? (కరీంనగర్ జిల్లా నుంచి)

జవాబు: మీ కోపం అర్థమైందమ్మా, అయినా ఆయన అడగడంలో తప్పు లేదు. కట్టడం ఉంది కాబట్టి పన్ను వేస్తారు, పన్ను కట్టారు కాబట్టి పర్మిషన్ ఉన్నట్టు కాదు. ఆ రసీదులు పారేయకండి, గది 2016 నుంచి ఉందని చెప్పడానికి అవే సాక్ష్యం.

ఊళ్లో అందరూ ఇలాగే కట్టుకున్నారనే అంటారు, నిజమే, పొలాల్లో గదులు చూస్తే పర్మిషన్ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏళ్ల తరబడి ఎవరూ అడగరు. అమ్మబోయినప్పుడు కొనేవాడి బ్యాంకు అడుగుతుంది, అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే ఒకరు వెళ్లి ఫిర్యాదు ఇస్తారు, లేదా మీలాగా పైన ఇంకో గది వేయాలనిపిస్తుంది. అప్పుడు బయటపడుతుంది.

గది కింద ఉన్న మేరకు స్థలానికి అత్తగారి చేత నాలాకు అర్జీ పెట్టించండి, 50 శాతం జరిమానాతో కలిపి కట్టేయండి, పంచాయతీ స్థాయి అనుమతి కావాలనుకుంటే విస్తీర్ణం 300 చదరపు మీటర్లు మించకుండా చూసుకోండి. ఆ తర్వాత కింది గదినీ పై గదినీ కలిపి ఒకే ప్లాను వేయించి ఇవ్వండి. కార్యదర్శితో పోట్లాడే ముందు ఒక ఇంజినీరును పిలిచి పునాది తవ్వి చూపించండి. 2016లో ఒక్క గది కోసం వేసిన పునాది, అందులోనూ నల్లరేగడి నేలైతే, పై గది బరువు మోస్తుందో లేదో అది పర్మిషన్ కంటే పెద్ద ప్రశ్న.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇండియన్ పాస్‌పోర్టే. గుంటూరు జిల్లాలో మా నాన్నగారి పొలం ఎకరంన్నర నా పేరు మీద గిఫ్ట్ డీడ్ చేస్తానంటున్నారు. అందులో చిన్న ఫామ్‌హౌస్ కట్టి, వచ్చినప్పుడల్లా ఉందామని. పర్మిషన్‌కు పవర్ ఆఫ్ అటార్నీ సరిపోతుందా? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: పవర్ ఆఫ్ అటార్నీ దాకా వెళ్లే ముందు గిఫ్ట్ డీడ్ ఆపించండి. ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డున్న భారత సంతతి విదేశీయులు మన దేశంలో ఇల్లు, వాణిజ్య స్థలం కొనుక్కోవచ్చు, దగ్గరి బంధువుల నుంచి గిఫ్టుగానూ తీసుకోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు, గిఫ్టుగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవచ్చు, డీడ్ రిజిస్టర్ కూడా అయిపోవచ్చు. తర్వాత అమ్మి ఆ డబ్బు అక్కడికి పంపించుకోబోయేటప్పుడు బ్యాంకు అడుగుతుంది.

నాన్నగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి భూమి ఆయన పేరు మీదే ఉంచి, ప్లాను ఆయన పేరు మీదే పెట్టించి కట్టించండి, ఖర్చుకు డబ్బు మీరు పంపొచ్చు. అప్పుడు మీ పవర్ ఆఫ్ అటార్నీ అవసరమే రాదు. పొలం తర్వాత మీకే చెందాలనుకుంటే వీలునామా రాసి రిజిస్టర్ చేయించమనండి. తోబుట్టువులుంటే వాళ్లకు కూడా ఆ విషయం ఆయన నోటితోనే ఇప్పుడే చెప్పించండి.